ఆవు వ్యాసమూ, నేనూ

ముప్పై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పాను. వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ఉపసంహారం. ఈ మూడూ లేనిది వ్యాసమే కాదని నల్లబల్ల మీద రాసి మరీ పిల్లలచేత వల్లె వేయించాను. ఉద్యోగ విరమణ చేశాక కొండపల్లి బొమ్మల మీద ఒక ప్రత్యేక వ్యాసం రాసి ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి పంపాను. "మాస్టారూ, మూడో పుటకు గాని బొమ్మ కనబడలేదండీ" అంటూ ఉపసంపాదకుడొకరు మర్యాదగానే తిప్పి పంపారు.

కోపం వచ్చిన మాట నిజం. వారం రోజుల తరువాత చదువుకుంటే ఆయన అన్నదీ నిజమే. 64 కళలతో ఎత్తుకున్నాను. శిల్పశాస్త్రాలూ, ఆంధ్రుల కళాభిరుచీ దాటుకుని నేను కొండపల్లి చేరేసరికి పాఠకుడు దారిలోనే దిగిపోయి ఉంటాడు.

నిజానికి ఆ ఊరిలో నేను చూసింది వేరు. తెల్లపొణికి కర్రతో ఏనుగు ఒళ్ళు ఒక ముక్క, కాళ్ళు వేరే ముక్కలుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తున్నారు. అంబారీకి రంగు వేస్తున్న పెద్దాయన తల ఎత్తకుండానే, "కర్ర దొరకడం లేదండీ, మావాడు వేరే పని చూసుకున్నాడు" అన్నారు. ఆ మాటను నేను ఉపసంహారానికి ముందు ఒకే ఒక వాక్యంలో ఇరికించాను! అసలు వ్యాసమంతా ఆ వాక్యంలోనే ఉంది.

వార్త రాసేవారు ముఖ్యమైనదంతా మొదటే చెప్పేస్తారు; దానిని తలకిందుల పిరమిడ్ అంటారు. ప్రత్యేక వ్యాసం నడక అది కాదు. ఒక మనిషితోనో, ఒక సన్నివేశంతోనో మొదలై, మూడు నాలుగు పేరాల లోపు "ఇది ఇప్పుడెందుకు చెబుతున్నాను" అన్నది తేల్చి చెప్పాలి. ఆంగ్ల పత్రికలవారు దీనిని నట్ గ్రాఫ్ అంటారు. నేను గింజ పేరా అనుకుంటున్నాను. చరిత్ర, లెక్కలు ఆ తరువాత, పాఠకుడికి ఆ సందేహం పుట్టిన చోటనే రావాలి.

ఇది పరాయి విద్య అనుకుంటే పొరపాటు. పంచతంత్రంలో ఒకరు నీతి చెబితే, రెండవవారు "అదెలాగ?" అని అడిగాక గాని కథ రాదు. కావ్యం ఆశీస్సుతోనో, నమస్క్రియతోనో, కాదంటే నేరుగా వస్తునిర్దేశంతోనో మొదలు కావచ్చునని దండి చెప్పాడు. కుమారసంభవం హిమవంతుని వర్ణనతోనే మొదలవుతుంది. భాషాప్రవీణలో ఇదంతా కంఠస్థం చేసినవాణ్ణే. పిల్లలకు చెప్పవలసి వచ్చేసరికి మార్కుల పథకం తప్ప మరేదీ గుర్తుకు రాలేదు.

ఈనాటి పత్రికలలో దీనికి విరుద్ధమైన జాడ్యం ఒకటుంది. ప్రతి వ్యాసమూ తెల్లవారుజామున మంచుతెరల్లో మొదలవుతుంది. సంగతేమిటో తెలిసేసరికి మిట్టమధ్యాహ్నమవుతుంది. అదీ ఉపోద్ఘాతమే, వేషం మార్చుకుంది అంతే.

ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. ఎనిమిదో తరగతి పరీక్షలో 'ఆవు' మీద వ్యాసం ఇచ్చాను. అందరూ "ఆవు సాధుజంతువు" అని ఎత్తుకుంటే, వెనుక బల్ల కుర్రవాడొకడు "మా ఆవును మొన్న సంతకు తోలుకుపోయారు. దూడ రాత్రంతా అరుస్తూనే ఉంది" అని రాశాడు. ఎర్రసిరాతో "ఉపోద్ఘాతమేదీ?" అని రాసి 10కి 3 మార్కులు వేశాను. ఆవును ఎందుకు అమ్ముకున్నారో, దూడ ఏమైందో వాణ్ణి అడగలేదు.

కొండపల్లి వ్యాసం తిరగరాస్తున్నాను. పెద్దాయన మాటతో మొదలుపెట్టాను. రెండో పేరా ఇంకా కుదరలేదు.