పరిహారం ఎవరి బాకీ?

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఉన్న పాలకాయతిప్ప, సొర్లగొంది వైపు తాటిచెట్టంత కెరటం లేచిందని బతికి బయటపడ్డవాళ్లు చెబుతారు. సర్కారు లెక్కల్లోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. ఎవరివో తెలియని శవాలను కలిపి పూడ్చారు, కలిపి కాల్చారు. ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయిన చోట సాయం అడగడానికైనా మనిషి మిగల్లేదు.

అప్పట్లో ఢిల్లీకి, హైదరాబాదుకు మధ్య డబ్బు లెక్క ఎలా ఉండేదో ఈ తరానికి తెలియాలి. కాసు బ్రహ్మానందరెడ్డి అధ్యక్షుడిగా ఉన్న ఆరో ఆర్థిక సంఘం విపత్తు సాయానికి కేంద్రం విడిగా గ్రాంటు ఇచ్చే పద్ధతిని ఆపేయమంది. దాంతో కేంద్రం ఇచ్చేదల్లా రాష్ట్రానికి రాబోయే ఏళ్లలో రావలసిన ప్రణాళికా సాయంలోంచి ముందుగా ఇచ్చే సొమ్మే అయింది. ఇవాళ శవాలు తీయడానికి ఇచ్చిన డబ్బును రేపు బడికో కాలువకో ఇవ్వాల్సిన దాంట్లో కోసుకోవడమన్నమాట. ఉప్పెన వచ్చేనాటికి ఉన్న నిబంధన ఇదే. మరుసటి ఏడాది ఏడో ఆర్థిక సంఘం దాన్ని మార్చి, తుపాన్ల ఖర్చు ఒక హద్దు దాటితే, దాటిన మేరకు 75 శాతం కేంద్రం గ్రాంటుగా భరించాలంది. ఇప్పుడు మన రాష్ట్ర విపత్తు నిధిలోనూ కేంద్రం 75, రాష్ట్రం 25.

ఆ నిధి నుంచి తుపానులో చనిపోయిన మనిషి కుటుంబానికి దక్కేది 4 లక్షలు. 2015లో ఖాయం చేసిన మొత్తం అది. 2022లో నిబంధనలు తిరగరాసినప్పుడు కూడా పైసా పెంచలేదు. గాయపడి వారానికి పైగా ఆసుపత్రిలో ఉంటే 16,000 రూపాయలు, అంతకు తక్కువైతే 5,400. పాలకాయతిప్ప జాలరి కాలు విరిగి నెల రోజులు మంచాన పడితే పడవ కదలదు, వల తడవదు. ఆ ఇల్లు 16,000తో ఎన్నాళ్లు నడుస్తుంది?

ఇదే రాష్ట్రంలో 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోతే రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. వెంటిలేటరు మీద ఉన్నవారికి 10 లక్షలు, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి లక్ష. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలినప్పుడు లెక్క వేరు: గెయిల్ 20 లక్షలు, రాష్ట్రం 3, కేంద్రం 2. విశాఖ కుటుంబాలకు ఎక్కువ ఇచ్చారని నా ఫిర్యాదు కాదు. కోటి ఇచ్చినా పోయిన మనిషి రాడు. ఫ్యాక్టరీకి యజమాని ఉన్నాడు, సముద్రానికి లేడు కదా అంటారు. కానీ ఆ కోటి ప్రకటించింది యజమాని కాదు, రాష్ట్ర ప్రభుత్వం. విశాఖలో కోటి ఇవ్వగలిగిన ప్రభుత్వం, తుపాను చావుల దగ్గరికొచ్చేసరికి ఢిల్లీ రాసిన 4 లక్షల గీత చూపిస్తే ఒప్పుకోలేం.

పోనీ కేంద్రం చేతికే అంతా ఇద్దామా? భోపాల్‌ గ్యాస్ లీకు తర్వాత అదే చేశారు. 1985 చట్టంతో బాధితులందరి తరఫునా దావా వేసే హక్కు కేంద్రం తీసుకుంది. 1989లో కంపెనీతో 47 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆ సొమ్ము చాలదంటూ మళ్లీ కోర్టుకెళ్తే 2023 మార్చిలో సుప్రీంకోర్టు పిటిషన్ కొట్టేసింది. తక్కువపడితే భర్తీ చేయాల్సిన బాధ్యత కేంద్రానిదేననీ, బాధితులకు బీమా చేయించమని 1991లో చెప్పినా చేయించలేదనీ తప్పుపట్టింది. రాష్ట్రమూ తక్కువ తినలేదు. కోవిడ్ మృతుల కుటుంబాలకు ఇవ్వాల్సిన 50,000 విషయంలో జాప్యానికి 2022 జనవరిలో మన ప్రధాన కార్యదర్శిని సుప్రీంకోర్టు పిలిపించి అడిగింది. అదే ఏడాది, విపత్తు నిధి నుంచి వేరే ఖాతాకు మళ్లించిన 1,100 కోట్లు తిరిగి జమ చేయమని ఆదేశించింది. బాధితుల సొమ్ము మీద చెయ్యి వేయడాన్ని నేను క్షమించలేను, ఏ పార్టీ అధికారంలో ఉన్నా సరే.

కాబట్టి ఎవరి పని వారికి చట్టంలోనే రాసిపెట్టాలి. విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ కింద ప్రాణనష్టానికి సాయం నిర్దేశించడం ఐచ్ఛికం కాదు, విధి అని 2021 జూన్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. మొత్తం ఎంతో మాత్రం ప్రభుత్వానికే వదిలేసింది. అక్కడే చిక్కు. దేశమంతటికీ కనీస మొత్తం కేంద్రం భరించాలి, ఏటా ధరలతో పాటు అది పెరగాలి. పైన ఎంత కలపాలో రాష్ట్రం ఇష్టం. కారకుడైన కంపెనీ ఉంటే ముందు ప్రభుత్వం చెల్లించి, తర్వాత దాని దగ్గర ముక్కుపిండి వసూలు చేయాలి. ఊళ్లో జాబితా రాయడం, దాన్ని గ్రామసభలో చదివి వినిపించడం, నెలలోగా ఖాతాలో వేయడం రాష్ట్రం పని.

జాలరుల సంగతి ఇంకొకటుంది. వేటకెళ్లి తిరిగిరాని మనిషి శవం దొరక్కపోతే, చనిపోయినట్టు భావించడానికి సాక్ష్య చట్టం ఏడేళ్ల గడువు పెట్టింది. 2021లో చమోలీ వరదలో గల్లంతైనవారికి ప్రత్యేక ఉత్తర్వుతో త్వరగా మరణ ధ్రువపత్రాలు ఇచ్చారు. అక్కడ చేయగలిగింది మన తీరంలో ప్రతిసారీ ఎందుకు చేయకూడదు? 2022లో రాసిన సాయం నిబంధనల గడువు 2026 దాకానే. తర్వాతి అయిదేళ్లవి రాసేటప్పుడు ఈ మినహాయింపును అందులోనే చేర్చమని మచిలీపట్నం ఎంపీ మొదలుకుని మన తీరప్రాంత సభ్యులంతా లోక్‌సభలో పట్టుబట్టాలి.