శరీరానికి సర్వీస్ ప్యాక్ రాదండీ!

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకో జబ్బుంది. ఊళ్ళో తమ్ముడికో మరదలికో మెడిసిన్ సీటొస్తే చాలు, లేటెస్ట్ ఎడిషన్ అట్లాసో, త్రీడీ యాప్ సబ్‌స్క్రిప్షనో కొనిచ్చేసి చేతులు దులుపుకుంటాం. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలయ్యాక మా పాలకీడు పిల్లలకి డిసెక్షన్ హాలు బస్సు దూరంలోకొచ్చింది. అందుకే ఈ గొడవ.

నా వాదన ఒకటే. కొంటే ఫోటోల అట్లాస్ కొనండి, పాత ఎడిషన్ అయినా సరే.

1989లో వచ్చిన నెట్టర్ బొమ్మలు అద్భుతం, కాదనను. కానీ అందులో ధమని ఎరుపు, సిర నీలం, నరం పసుపు. ఫార్మలిన్ పట్టిన శరీరంలో మూడూ దాదాపు ఒకే మట్టిరంగు, చుట్టూ కొవ్వు! పరీక్షలో పిన్ను గుచ్చి "ఇదేంటి?" అనడిగేది అక్కడే, బొమ్మ మీద కాదు. మెక్‌మిన్ (1977), రోహెన్-యోకోచి (1983) అట్లాసుల్లో ఉన్నవి నిజంగా కోసిన శరీరాల ఫోటోలు. ఫోటో మీద అంకెలు, పేర్లు విడిగా. పేర్లు చేత్తో మూసేసి ఎవరికి వారే పరీక్ష పెట్టుకోవచ్చు.

"యాప్‌లో ఎటైనా తిప్పి చూడొచ్చుగా?" అంటారు. చూడండి. కాకపోతే అది ఎవరో శుభ్రంగా తుడిచిపెట్టిన మోడల్. టెస్ట్ డేటా మీద పాసైన కోడు ప్రొడక్షన్‌లో ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

రేపు కోదాడలోనో మిర్యాలగూడలోనో మన అమ్మానాన్నల మీద కత్తి పట్టేది ఈ పిల్లలే. కోఠీలో పాత పుస్తకం వెతకండి. మిగిలిన డబ్బులు హాస్టల్ ఖర్చుకివ్వండి.