విరిగిన కారుకి విలువెంత?

ఈ వారం ఉత్తరం ఇంగ్లండు నుంచి, బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది. రాసిన సోదరిది గుంటూరు. భార్యాభర్తలిద్దరూ అక్కడ డాక్టర్లు. ఉత్తరం పెద్దది. కావలసినంత మటుకు ఇక్కడ ఇస్తున్నాను.

“పదకొండేళ్ల కిందట మావారు, రిటైరవుతున్న ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర పాత ఎం.జి.బి. కారు కొన్నారు. 1972 నాటిది. టాపు మడిచేసుకుని ఇద్దరు కూర్చునే చిన్న బండి. ఆరు చలికాలాలు ఆయనా, మా అబ్బాయీ గరాజులో చేతులు మసి చేసుకుని దాన్ని బాగుచేశారు. ఇంట్లో ఒక్క మాట మాట్లాడని పిల్లవాడు ఆ కారు కింద పడుకుని తండ్రితో గంటలకొద్దీ మాట్లాడేవాడు. మొన్న వానలో ఒక వ్యాను ఎదురొచ్చి ముందు కుడివైపు గుద్దింది. దైవకృప వల్ల ఆయనకి భుజం ఎముక విరగడంతో పోయింది. కారు మాత్రం పనికిరాదన్నారు బీమావాళ్లు. ముందు ఒప్పుకున్న ప్రకారం 14,000 పౌండ్లు ఇస్తారట. విరిగిన బండి మేమే ఉంచుకుంటే 2,800 తగ్గించుకుని 11,200 ఇస్తారట. బాగుచెయ్యడానికి 13,000 అవుతుందని ఒక షెడ్డువాళ్లు చెప్పారు. బండిని వదలనంటారు మావారు. సెప్టెంబరులో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి, డబ్బు పుచ్చుకుందామంటాను నేను. మా ఇద్దరిలో ఎవరిది సబబు? అన్నట్టు, కుడివైపు తలుపు సగమే తెరుచుకుంటోంది.”

అమ్మా, ఉత్తరం చివర ‘అన్నట్టు’ అంటూ రాశారే, ఆ తలుపు సంగతే అన్నిటికన్నా ముఖ్యమైనది. దాని దగ్గరికి వస్తాను. ముందు మొదటినించీ చూద్దాం.

విరిగిన కారుకి మూడు రకాల విలువలుంటాయి. బాగుచేస్తే వచ్చే విలువ ఒకటి. విడదీసి సామానుగా అమ్మితే వచ్చేది రెండోది. తూకం వేసి తుక్కు కింద అమ్మితే వచ్చేది మూడోది. ఈ మూడూ కలగాపులగం చేసుకోవడం వల్లనే ఇళ్లల్లో వాదనలు వస్తాయి. మీవారు మొదటిది చూస్తున్నారు. బీమావాళ్లు రెండోదీ మూడోదీ చూస్తున్నారు. మీరు అమ్మాయి ఫీజు చూస్తున్నారు.

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న: ఇటువంటి కార్లు లోకంలో ఎన్ని ఉన్నాయి? ఎం.జి.బి.ని 1962 నించి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో తయారుచేశారు. వెరసి అయిదు లక్షలు దాటాయి. అందులోని 1798 సి.సి. ఇంజను మన తెలుగువాళ్లకి బొత్తిగా కొత్తదేం కాదు. మన అంబాసిడర్ కారులో ఎన్నో ఏళ్లు నడిచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనూ అదే వంశంలోది. ఎం.జి.బి.కి అన్నగారైన ఎం.జి.ఎ. 1955లో బయటికి వచ్చినప్పుడు అందులో ఉన్నదీ 1489 సి.సి. ఇంజనే. అంత విరివిగా తయారైన బండికి ఈనాటికీ సామాను దొరుకుతుంది. ఇది మంచీ, చెడ్డా కూడా. బాగుచేసుకునేవాడికి మంచి. విరిగిన బండి అమ్ముకునేవాడికి చెడ్డ, ఎందుకంటే దొరికే వస్తువుకి ఎవరూ పోటీపడరు.

దీనికి ఎదురుగా ఇంకొకటి చూడండి. 1963, 64 ప్రాంతాల జాగ్వార్ కంపెనీ పందేలకోసం తేలికరకం ఇ-టైప్ కార్లు పన్నెండంటే పన్నెండే చేసింది. అందులో ఒకటి 1964 అక్టోబరులో పారిస్ దగ్గర మోంట్లెరీ పందెంలో ఘోరంగా దెబ్బతింది. నడిపిన పీటర్ లిండ్నర్ మరణించాడు. నలిగిపోయిన ఆ కారు అల్యూమినియం ఒడలిని చాలా ఏళ్ల తర్వాత ఇంగ్లండులో పనివాళ్లు వేల గంటలు కూర్చుని మళ్లీ తీర్చిదిద్దారు. పన్నెండింటిలో ఒకటి కాబట్టి ఆ ఖర్చుకి అర్థముంది. అయిదు లక్షలలో ఒకదానికి అదే పని చేస్తే అది ప్రేమే అవుతుంది గాని లెక్క కాదు. ప్రేమ తప్పని నేననడం లేదు. దాన్ని లెక్క అనుకోవద్దంటున్నాను.

రెండో ప్రశ్న: దెబ్బ ఎక్కడ తగిలింది? పాత బ్రిటిషు స్పోర్ట్సు కార్లన్నీ ఒక్కలా కట్టినవి కావు. ట్రయంఫ్ టి.ఆర్. 2 నించి టి.ఆర్. 6 దాకా కార్లకి కింద ఛాసీ వేరు, పైన రేకుల ఒడలు వేరు. ఒడలు పైకెత్తి, ఛాసీ వంకర తీసి మళ్లీ దించవచ్చు. జాగ్వార్ ఇ-టైప్‌లో ఇంజను మోసే ముందుభాగం గొట్టాల చట్రం. అది నట్లూ బోల్టులతో నడుమ ఒడలికి బిగించి ఉంటుంది. నలిగితే ఊడదీసి కొత్తది పెడతారు. చట్రం వెనక గోడ వంగిందా లేదా అన్నదే అక్కడ ప్రాణం. ఎం.జి.బి.కి ఛాసీ అంటూ వేరే లేదు. రేకు ఒడలే బరువంతా మోస్తుంది. ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి, కాబట్టి మార్చడం తేలిక. వెనక మడ్‌గార్డులు వెల్డింగు చేసినవి. తలుపుల కింద ఆ కొసనించి ఈ కొసదాకా పెట్టెలా ఉండే గడప భాగమే బండికి వెన్నెముక.

ఇప్పుడు తలుపు సంగతి. ముందు మడ్‌గార్డూ, బంపరూ, బానెట్టూ మాత్రమే నలిగితే తలుపుకి ఏమీ కాకూడదు. మడ్‌గార్డు రేకు వెనక్కి జరిగి తలుపు అంచుకి అడ్డుపడుతూ ఉంటే మీ అదృష్టం. అలాకాక తలుపు కీళ్లు మోసే స్తంభమే వెనక్కి నడిచి ఉంటే వెన్నెముకకి దెబ్బ తగిలినట్టే. ఏది నిజమో తేల్చడం కష్టం కాదు. ఆ మడ్‌గార్డు విప్పించి, తలుపు మళ్లీ తెరిపించి చూడండి. తర్వాత కారుని లిఫ్టుమీద ఎత్తించి కింద కొలిపించండి. మన మేస్త్రీ పునాది తీసేటప్పుడు ఈ మూలనించి ఆ మూలకీ, ఆ మూలనించి ఈ మూలకీ తాడు పట్టి రెండు కొలతలూ ఒకటేనా అని చూడడూ? ఇదీ అదే. రెండూ సరిపోకపోతే బండి వంగింది. పై రంగు ఎంత మెరిసినా లాభం లేదు.

కొలిచేటప్పుడే చిరిగిన రేకు అంచులు చూడమనండి. గుద్దుకున్న కారు దాచుకున్న రహస్యాలన్నీ కక్కేస్తుంది. అంచు తెల్లగా మెరిస్తే మంచి ఇనుము. ఎర్రగా పొరలు పొరలుగా రాలితే ఎవరో ఏనాడో తుప్పుమీద లప్పం పూసి రంగు వేశారన్నమాట. అనుమానమున్నచోట చిన్న అయస్కాంతం ఆనిస్తే చాలు, లప్పానికి అది అంటుకోదు.

మూడో ప్రశ్న కాగితాలది. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నించి బీమావాళ్లు పోయిన కార్లని నాలుగు తరగతులు చేస్తున్నారు. ‘ఎ’ అంటే మొత్తం నుజ్జు చెయ్యవలసిందే. ‘బి’ అంటే సామాను తీసుకోవచ్చు గాని ఒడలు నుజ్జు కావాలి. ‘ఎస్’ అంటే కట్టుబడికి దెబ్బ తగిలింది, అయినా బాగుచేసుకోవచ్చు. ‘ఎన్’ అంటే కట్టుబడి క్షేమం. మీది ఏ తరగతో మీరు రాయలేదు. ఉంచుకోనిస్తామంటున్నారు కాబట్టి ‘ఎస్’ కావచ్చు. ఆ అక్షరం కారుని వదలదు. రేపు అమ్మబోతే కొనేవాడు మొదట అదే చూసి ధర తగ్గిస్తాడు.

ఇక కూడికలు. 13,000 పెట్టి బాగుచేయించారనుకోండి. బీమా ఇచ్చిన 11,200 పోగా చేతినించి మరో 1,800 పడుతుంది. ఆ అక్షరం మచ్చతో కారు 11,000 చేస్తుందనుకుంటే, 1,800 తీసేస్తే మీకు మిగిలేది 9,200. బండి వదులుకుంటే 14,000. తేడా 4,800 పౌండ్లు. మీవారి ఇష్టానికి వెల అది.

మరి విడదీసి అమ్మితే? ఇంజనూ, ఓవర్‌డ్రైవు ఉంటే ఆ గేరుబాక్సూ, సైకిలు చక్రాల్లా స్పోకులున్న చక్రాలూ, జంట కార్బురేటర్లూ, వెనక క్రోమియం బంపరూ, ఎడమ తలుపూ, సీట్లూ, మీటర్లూ గిరాకీ ఉన్నవే. అన్నీ కలిసి 4,500 వచ్చాయనుకుందాం. 11,200తో కలిపితే 15,700. బీమా సొమ్ముకన్నా 1,700 ఎక్కువ. కాని ఒక్కొక్కటీ విప్పి, కడిగి, కొనేవాడికోసం కాచుక్కూర్చుని, పొట్లాలు కట్టి పంపడానికి ఏడాది ఆదివారాలు పోతాయి. భుజం విరిగిన మనిషికి ఆ బేరం నేను చెప్పను.

ఇంకొక దారీ ఉంది. 1988 నించి పాత అచ్చులతోనే ఎం.జి.బి. ఒడళ్లు కొత్తగా తయారుచేస్తున్నారు. అది కొని పాత సామానంతా అందులోకి మార్చవచ్చు. ఒడలికే పదివేల పౌండ్లు పైమాట. రంగూ కూలీ వేరు. అలా చేశాక అది ఆ కారేనా అంటే, భేతాళుడు తలలు మారిన కథ చెప్పి విక్రమార్కుణ్ణి అడిగిన ప్రశ్నే! విక్రమార్కుడు శిరస్సే ప్రధానమన్నాడు. కార్ల చట్టంలో మాత్రం తల అనిపించే ఇంజను మారినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒడలో, ఛాసీయో మారితేనే ప్రశ్నలు. అక్కడి రిజిస్ట్రేషను నియమాలు 2025 ఆగస్టులో కొంత మార్చారు కూడా. ఆ దారి పడితే ముందు అవి చదువుకోమనండి. మరొక్కమాట. కారు ఎవరికి అమ్మినా నంబరు పలకా, లాగుబుక్కూ విడిగా అమ్మకండి. పోయిన కారు పలక దొంగ కారుకి తగిలించే ఘనులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

అమ్మా, నా తీర్పు ఇదీ. సంతకం పెట్టకముందు వారం గడువు అడిగి కొలత వేయించండి. స్తంభం కదలలేదని తేలితే ఆ 13,000 అంచనా తప్పకుండా తగ్గుతుంది. అప్పుడు మీవారి మాట వినండి. కదిలిందని తేలితే డబ్బు పుచ్చుకోండి. స్టీరింగో, గేరుకాడమీది గుండో ఒకటి ఉంచుకుంటామని బీమావాళ్లని ముందే అడగండి. తర్వాత అడిగితే అది వాళ్ల సొత్తు.

ఫీజు కట్టాక మిగిలిన దానిలో కొంత పక్కన పెట్టండి. అయిదు లక్షల కార్లలో, సగం విప్పి గరాజుల్లో వదిలేసినవి ఎన్నో ఉంటాయి. అటువంటిది ఒకటి తక్కువలో దొరుకుతుంది. మీవారు పోగొట్టుకున్నాననుకుంటున్నది కారుని కాదు, ఆ ఆరు చలికాలాలని. నడిచే కారు తెచ్చి ఇస్తే అవి రావు. నడవని కారైతే రావచ్చు. ఈ మాట మీ నోటితో మీరే ఆయనతో అనండి. భుజం నయమయ్యేలోగా అబ్బాయినీ ఒకమాట అడగండి.