పెంకు మీద 1865 ఉంటే, అది 1865 నాటిదేనా?

పోయిన వేసవిలో పలమనేరు దగ్గర మా అవ్వ వాళ్ల పెంకుటిల్లు విప్పుతుంటే ఓ పెంకు నా చేతికొచ్చింది. దాని మీద ఇంగ్లిష్ అక్షరాలు: బాసెల్ మిషన్ టైల్ వర్క్స్, 1865. ఇంకేముంది, ఫొటో తీసి ‘నూట అరవై ఏళ్ల పెంకు!’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టేశా. గంటలో ముగ్గురు రేటెంత అని అడిగారు. మా మామ మాత్రం నవ్వాడు. ‘‘ఏమప్పా ఇంజనీరూ, మన మిఠాయి అంగడి బోర్డు మీద 1974 అని ఉంది కదా. అంటే ఈ రోజు లడ్డు అప్పుడు చేసిందా?’’

మామ డిగ్రీ కూడా చదవలేదు. కానీ కరెక్టుగా పట్టుకున్నాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది 1865. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అచ్చులో అదే అంకె ఉండిపోయింది. కాబట్టి ఆ పెంకు 1865 కంటే పాతది కాదు అని మాత్రమే చెప్పగలం. మరి ఎప్పటి వరకు? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు బ్రిటిష్ వాళ్ల కామన్‌వెల్త్ ట్రస్ట్ చేతికి వెళ్లాయి. మిషన్ పేరు ఉందంటే దాదాపుగా అంతకు ముందుదే. అంటే సుమారు యాభై ఏళ్ల వ్యవధి. నా స్టేటస్ అందులో ఒక్క చివరను పట్టుకుని ఊగింది.

ఇది కెరీర్ పేజీలో ఎందుకంటారా? నా మొదటి డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూ ఇలాంటి తప్పుతోనే పోయింది. టేబుల్‌లో ఒక తేదీ కాలమ్ ఉంది. అది కస్టమర్ కొన్న తేదీ అనుకుని గ్రాఫులు గీసేశా. నిజానికి అది రికార్డును సిస్టమ్‌లోకి ఎక్కించిన తేదీ. ‘‘ఈ తేదీ దేనిది అని ఒక్కసారైనా అడిగారా?’’ అన్నారాయన. అడగలేదు.

పాత మట్టి వస్తువుల వయసు తేల్చేవాళ్లు రోజంతా అడిగేది ఈ ప్రశ్నే. యూరప్ పింగాణీ అడుగున ఉండే గుర్తులే చూడండి. ఇంగ్లండ్ సరుకు మీద డైమండ్ ఆకారపు రిజిస్ట్రేషన్ ముద్ర ఉంటే ఆ డిజైన్‌ను 1842-1883 మధ్య నమోదు చేశారని అర్థం. డిజైన్‌ను! ప్లేటును కాదు. దేశం పేరు ఉంటే చాలావరకు 1891 తర్వాతది, ఎందుకంటే దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అప్పుడు అమెరికా చట్టం పెట్టింది.

ముద్ర లేని మట్టి పెంకు ముక్క దొరికితే? పుదుచ్చేరి పక్కన అరికమేడు కథ నాకు చాలా ఇష్టం. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వితే ఇటలీలోని అరెజ్జో నుంచి వచ్చిన ఎర్రటి పాత్రల ముక్కలు దొరికాయి. వాటి కాలం యూరప్‌లో ముందే తెలుసు. దాంతో అదే పొరల్లో దొరికిన మన కుండలకూ క్రీస్తుశకం మొదటి శతాబ్దాల తేదీలు వచ్చాయి. అడుగున వలయాలుగా చుక్కల నగిషీ ఉండే రౌలెటెడ్ పాత్రలూ అక్కడ దొరికాయి. మన అమరావతి, శాలిహుండంలోనూ ఉన్నాయవి. చూడ్డానికి విదేశీ సరుకులా ఉన్నాయి కాబట్టి మధ్యధరా నుంచి వచ్చినవేనని మొదట అనుకున్నారు. తర్వాత విమలా బెగ్లీ మళ్లీ తవ్వించి, అవి ఇంకా ముందు నుంచే, క్రీస్తుపూర్వం నుంచే వాడుకలో ఉన్నాయని చూపించారు. పుణె దక్కన్ కాలేజీలో విశ్వాస్ గోగ్టే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో మట్టిని పరీక్షిస్తే అది గంగ దిగువ ప్రాంతపు మట్టిలా తేలింది. పోలికను బట్టి ఊరు చెబితే ఇలాగే ఉంటుంది. మట్టిలోని ఖనిజాలు మాత్రం తేలిగ్గా అబద్ధం ఆడవు.

మన గుడిమల్లంలోనూ ఇదే పని జరిగింది. పరశురామేశ్వర ఆలయంలో 1973 ప్రాంతంలో పురావస్తు శాఖ తవ్వినప్పుడు నలుపు-ఎరుపు కుండ పెంకులు, పెద్ద సైజు ఇటుకలు దొరికాయి. ఆ రకం కుండలు దక్షిణాదిలో శతాబ్దాల తరబడి చేశారు, అందుకే ఒక్క ముక్కను చూసి తేదీ చెప్పలేం. ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్నది ముఖ్యం. దయచేసి అలాంటి చోట ముక్క కనిపిస్తే జేబులో వేసుకోవద్దు. తీసిన క్షణమే దాని సాక్ష్యంలో సగం పోతుంది.

ల్యాబ్‌లో థర్మోలూమినిసెన్స్ అనే పద్ధతి ఉంది. మట్టిలోని క్వార్ట్జ్ రేణువులు చుట్టూ ఉన్న సహజ రేడియేషన్ శక్తిని కొద్దికొద్దిగా దాచుకుంటాయి. కుండను కాల్చినప్పుడు ఆ లెక్క సున్నా అవుతుంది. మళ్లీ వేడి చేస్తే వచ్చే వెలుగును బట్టి ఎన్నేళ్లయిందో లెక్క కడతారు. ఫిజిక్స్ పేపర్లో ఇది ఉంటే నేనూ శ్రద్ధగా చదివేవాణ్ణేమో. ఇక్కడా అదే మెలిక: అది చెప్పేది చివరిసారి బాగా కాలిన తేదీ. ఇల్లు తగలబడితే గడియారం మళ్లీ మొదలు.

‘ఫొటో తీసి ఏఐని అడిగితే పోలా’ అనే ఫ్రెండ్స్ ఉన్నారు. ఇటలీలోని పీసా యూనివర్సిటీ నేతృత్వంలో 2016-2019 మధ్య ఆర్క్‌ఎయిడ్ అనే ప్రాజెక్టు అదే చేసింది, కుండ పెంకు ఫొటోను బట్టి రకం గుర్తించే యాప్. రోమన్ పాత్రలు, ఇటలీ, స్పెయిన్ మజోలికా లాంటివి నేర్పారు దానికి. పలమనేరు కుండ చూపిస్తే మాత్రం చుట్టాల్ని ఇటలీలోనే వెతుకుతుంది. మోడల్‌కు తెలిసింది దానికి చూపించిందే. మన కుండలకు కావాల్సింది ముందు యాప్ కాదు, కొలతలతో, ఊరి పేరుతో, పొర వివరంతో ఉన్న మంచి డేటా. కోడింగ్ వచ్చినవాళ్లకు అక్కడ పని ఉంది.

జీతాల సంగతి దాచను: ఉద్యోగాలు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో ఒకసారి. అయినా ఆసక్తి ఉంటే తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ప్రాచీన భారత చరిత్ర, పురావస్తు విభాగం ఉంది. గ్రేటర్ నోయిడాలో పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థ పీజీ డిప్లొమా నడుపుతోంది. అర్హతలు చూసుకుని అప్లై చేయండి. ‘యాంటిక్’ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే దారి మాత్రం వద్దు. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలని, సొంతంగా విదేశాలకు పంపకూడదని 1972 చట్టం చెబుతోంది.

నా పెంకు ఇప్పుడు టేబుల్ మీద ఉంది. స్టేటస్ మార్చా: ‘1865కు ముందుది కాదు.’ ఈసారి రేటు ఎవరూ అడగలేదు. మీ ఇంట్లో పాత పింగాణీ జాడీ ఉంటే ఈ ఆదివారం తిరగేసి అడుగు చూడండి. ఊరగాయ తీశాకే సుమా.