కొత్త డిఫెండర్‌పై రెండుగా చీలిన యజమానులు: వివాదం రూపం గురించా, మరమ్మతు గురించా?

సూరత్ నగరానికి తూర్పున, ధూలే వైపు వెళ్లే జాతీయ రహదారి పక్కన ఉన్న బార్డోలీ ప్రధానంగా చెరకు పండే ప్రాంతం. 1928లో వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వాన జరిగిన భూమిశిస్తు సత్యాగ్రహంతో ఈ ఊరి పేరు తెలుగునాట కూడా స్థిరపడింది. ఉకాయ్, కాక్రాపార్ కాలువల నీటితో ఇక్కడి పొలాలు పండుతాయి. సహకార చక్కెర కర్మాగారం స్థానిక ఆర్థిక వ్యవస్థకు ఆధారంగా నిలిచింది. విదేశాల్లో స్థిరపడిన కుటుంబాల రాబడి, సూరత్ వజ్రాల, వస్త్రాల వ్యాపారం దానికి తోడయ్యాయి.

ఇటువంటి చోట ఒక వాహనాన్ని రెండు విధాలుగా తూచవచ్చు. వానాకాలంలో బురదమయమయ్యే పొలం బాటలో దిగబడకుండా వెళ్లగలదా అన్నది ఒక కొలత. పెళ్లి పందిరి ముందు నిలిపితే ఎంత హుందాగా కనిపిస్తుందన్నది మరొక కొలత. ల్యాండ్ రోవర్ డిఫెండర్ యజమానులను కొన్నేళ్లుగా రెండు వర్గాలుగా విడదీస్తున్న వాదం సరిగ్గా ఈ రెండు కొలతల మధ్యే నడుస్తోంది. ఆ సంస్థ 2008 నుంచి టాటా గ్రూప్ చేతిలో ఉన్నందున, ఇది భారత పరిశ్రమకు కూడా సంబంధించిన చర్చ.

పొలం కోసం పుట్టిన బండి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకు తీవ్రమైన కొరత ఏర్పడింది. రోవర్ సంస్థ ఇంజనీర్ మారిస్ విల్క్స్ తన పొలంలో అమెరికా సైన్యం వాడిన జీపును నడిపేవారు. అటువంటి పని బండిని తామే ఎందుకు తయారు చేయకూడదన్న ఆలోచన ఆయనకు 1947లో కలిగింది. వేల్స్‌లోని సముద్రతీరంలో ఇసుక మీద ఆయన తొలి బొమ్మ గీశారని సంస్థ చరిత్ర చెబుతుంది. ఉక్కుకు బదులు అల్యూమినియం రేకులతో శరీరాన్ని రూపొందించారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలి ల్యాండ్ రోవర్ ప్రజల ముందుకు వచ్చింది.

రైతులు, సైనికులు, అటవీ సిబ్బంది, సహాయక బృందాలు దానిని దశాబ్దాల పాటు వాడుకున్నారు. 1990లో దానికి డిఫెండర్ అన్న పేరు వచ్చింది. ఇంగ్లండ్‌లోని సోలిహల్ కర్మాగారం నుంచి చివరి పాత డిఫెండర్ 2016 జనవరి 29న వెలువడింది. అప్పటికి సుమారు 20 లక్షల వాహనాలు తయారయ్యాయి. కాలుష్య నియంత్రణ, ప్రయాణికుల భద్రత నిబంధనలు నానాటికీ కఠినం కావడంతో ఆ పాత నిర్మాణాన్ని కొనసాగించడం కష్టమైంది. గాలి సంచుల రక్షణ సైతం అందులో లేదు. అందువల్ల మార్పు అనివార్యమైంది. అయితే ఎంత మార్చాలన్నదే అసలు ప్రశ్న అయింది.

పాత యజమానుల అభ్యంతరం

2019 సెప్టెంబర్ 10న ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కొత్త డిఫెండర్‌ను ఆవిష్కరించారు. నిటారైన పెట్టె ఆకారం మిగిలింది కానీ అంచులు గుండ్రబడ్డాయి. అంతకంటే పెద్ద మార్పు లోపల జరిగింది. పాత బండిలో నిచ్చెన వంటి బలమైన ఇనుప చట్రం మీద శరీరాన్ని బిగించేవారు. కొత్తదానిలో చట్రం, శరీరం ఒకటిగా కలిసిన అల్యూమినియం మోనోకాక్ నిర్మాణం వచ్చింది. బరువైన ఇరుసుల స్థానంలో ప్రతి చక్రానికీ విడివిడి సస్పెన్షన్ అమర్చారు. మీటలు, బోల్టులు చేసే పనిని చాలావరకు కంప్యూటర్లు, తాకే తెరలు చేపట్టాయి. ఉత్పత్తి కూడా ఇంగ్లండ్ నుంచి స్లొవేకియాలోని నిత్రాకు మారింది.

ఇది డిఫెండర్ కాదని పాత యజమానుల్లో చాలామంది వాదించారు. దాన్ని కేవలం పాత జ్ఞాపకాల మీది మమకారంగా కొట్టివేయడం తేలికే. కానీ వారి వాదనలో గట్టి అంశం ఒకటుంది. పాత బండి రేకులను, తలుపులను మామూలు పనిముట్లతో విప్పి మార్చుకోవచ్చు. ఊరి మెకానిక్ సైతం ఇంజను శబ్దాన్ని బట్టి లోపాన్ని పట్టగలిగేవాడు. పట్టణానికి వందల కిలోమీటర్ల దూరంలో బండి ఆగిపోతే ఈ గుణమే మనిషిని ఇంటికి చేర్చేది. కొత్తదానిలో లోపం కనిపెట్టాలంటే ప్రత్యేక కంప్యూటర్ పరికరం, శిక్షణ పొందిన సిబ్బంది, సంస్థ అనుమతించిన సాఫ్ట్‌వేర్ అవసరమవుతాయి. అంటే బండి యజమాని చేతిలోనే ఉన్నా, దాన్ని బాగుచేసే తాళం చెవి మరొకరి దగ్గర ఉంటుంది.

కొత్త యజమానుల సమాధానం

మరోవైపు కొత్త డిఫెండర్ కొన్నవారి వాదన అంకెలతో నిలుస్తుంది. పాతది 500 మిల్లీమీటర్ల లోతు నీటిలో వెళ్లగలిగితే, కొత్తది 900 మిల్లీమీటర్ల లోతు వరకు దాటగలదు. యూరో ఎన్‌క్యాప్ భద్రత పరీక్షల్లో 2020లో దానికి 5 నక్షత్రాలు లభించాయి. 2021లో ప్రపంచ ఉత్తమ కారు డిజైన్ పురస్కారం దక్కింది. రాతి నేలల మీద, ఏటవాలు దారుల్లో అది వెనకబడలేదని పరీక్షకులు అంగీకరించారు. పైగా వారమంతా పిల్లలను బడికి దింపి, సెలవు రోజున అడవి దారి పట్టగల సౌకర్యం పాత బండిలో ఎన్నడూ లేదని వీరు గుర్తు చేస్తారు.

మార్కెట్ తీర్పు కూడా వీరి పక్షానే ఉంది. చివరి సంవత్సరాల్లో పాత డిఫెండర్ అమ్మకాలు ఏడాదికి సుమారు 20 వేల స్థాయికే పరిమితమయ్యాయి. కొత్తది ఏడాదికి లక్షకు పైగా అమ్ముడవుతూ జాగ్వార్ ల్యాండ్ రోవర్ సంస్థకు ప్రధాన ఆదాయ వనరుగా మారింది. అయితే ఈ అంకెలు ఒక విషయాన్ని మరుగుపరుస్తాయి. కొత్తగా చేరిన కొనుగోలుదారులు పాతవారి స్థానంలోకి వచ్చారే తప్ప, పాతవారందరూ మనసు మార్చుకున్నారని దీనికి అర్థం కాదు. పని కోసం బండి కొనే రైతు ఈ ధరను అందుకోలేక పికప్ వాహనాల వైపు మళ్లాడు.

ఆకారం ఎవరి సొత్తు?

ఈ చీలికకు న్యాయస్థానంలోనూ ప్రతిధ్వని వినిపించింది. పాత డిఫెండర్ ఆగిపోవడాన్ని సహించలేని బ్రిటిష్ పారిశ్రామికవేత్త జిమ్ రాట్‌క్లిఫ్, దాని స్ఫూర్తితో గ్రెనేడియర్ అనే వాహనాన్ని తయారు చేయాలని 2017లో సంకల్పించారు. డిఫెండర్ ఆకారాన్ని తమ ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయాలని ల్యాండ్ రోవర్ కోరగా, బ్రిటన్ మేధో సంపత్తి కార్యాలయం నిరాకరించింది. 2020 ఆగస్టులో లండన్ హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. నిపుణుల కంటికి ముఖ్యంగా తోచే రూప విశేషాలు సగటు వినియోగదారుడి దృష్టికి రాకపోవచ్చన్నది ఆ నిర్ణయంలోని సారాంశం.

వివాదం మొత్తానికి కీలకం ఈ వాక్యంలోనే ఉంది. పాత యజమాని ప్రతి మడతలోనూ, ప్రతి మేకులోనూ అర్థాన్ని చూస్తాడు. కొత్త కొనుగోలుదారు మొత్తం రూపాన్నే చూస్తాడు. సంస్థలు సంఖ్యలో ఎక్కువైన రెండో వారి కోసమే గీతలు గీస్తాయి. బీఎండబ్ల్యూ ఇంజను, నిచ్చెన చట్రంతో గ్రెనేడియర్ ఉత్పత్తి 2022లో ఫ్రాన్స్‌లోని హంబాక్‌లో మొదలైంది. పాత పద్ధతిని కోరేవారు ఇంకా ఉన్నారనడానికి అది నిదర్శనం. కానీ అదీ సామాన్య రైతు కొనగల ధరలో లేదు.

ఇటువంటి పరిస్థితిని ఇతర సంస్థలు వేరుగా ఎదుర్కొన్నాయి. మెర్సిడెస్ 2018లో జీ క్లాస్‌ను దాదాపు పూర్తిగా కొత్తగా నిర్మించినా, చతురస్రపు రూపాన్ని, పాత తలుపు పిడిని, తలుపు మూసినప్పుడు వచ్చే గట్టి శబ్దాన్ని సైతం కాపాడింది. టయోటా 2023లో కొత్త ల్యాండ్ క్రూజర్ 250ను తెస్తూనే, 1984 నాటి 70 సిరీస్‌ను కూడా కొనసాగించింది. గనుల్లో, పొలాల్లో పని చేసేవారికి పాతది, కుటుంబాలకు కొత్తది అన్న విభజన అది. రెండు వర్గాల్లో ఎవరినీ వదులుకోని మార్గం ఇదే. ల్యాండ్ రోవర్ మాత్రం పాత డిఫెండర్ అభిమానుల కోసం 2018లో 150 వాహనాలను శక్తిమంతమైన వీ8 ఇంజన్లతో పునర్నిర్మించి అమ్మింది. పని బండి అక్కడ సేకరణ వస్తువైంది.

భారత్‌లో పన్నులు, ఒప్పందాలు

భారత్‌లో కొత్త డిఫెండర్ 2020 అక్టోబర్‌లో సుమారు 74 లక్షల రూపాయల ప్రారంభ ధరతో విడుదలైంది. ఆ తర్వాత దాని ధర కోటి రూపాయల స్థాయికి చేరింది. అయినా గిరాకీ తగ్గలేదు. 2024–25 ఆర్థిక సంవత్సరంలో జాగ్వార్ ల్యాండ్ రోవర్ భారత్‌లో 6,183 వాహనాలను విక్రయించింది. అందులో డిఫెండర్‌దే ప్రధాన పాత్ర.

ధరలో పెద్ద భాగం పన్నులదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీలపై జీఎస్టీ, సెస్సు కలిపి ఉన్న 50 శాతం భారం 40 శాతానికి తగ్గింది. పూర్తిగా తయారై దిగుమతి అయ్యే ఖరీదైన కార్లపై సుంకం 110 శాతం వరకు ఉంది. 2025 జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం ఈ సుంకాన్ని నిర్ణీత కోటా పరిధిలో దశలవారీగా 10 శాతానికి తగ్గిస్తుంది. కానీ బ్రిటిష్ పేరు ధరించిన డిఫెండర్ స్లొవేకియాలో తయారవుతున్నందున దానికి ఆ ఒప్పందం వర్తించదు. ఐరోపా సమాఖ్యతో చర్చలు ముగిసినట్లు 2026 జనవరిలో ప్రకటించిన ఒప్పందం అమల్లోకి వచ్చాకే నిత్రాలో తయారైన వాహనాలకు ఊరట లభించే అవకాశం ఉంటుంది. యజమానులు బాధపడిన కర్మాగార మార్పు ఈ విధంగా కొనుగోలుదారుల ఖర్చులోనూ తన ముద్ర వేసింది.

జీపుతో భారతీయుల అనుబంధం ఇంకా పాతది. మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పు చేపట్టింది. తెలుగు పల్లెల్లో కలెక్టర్ పర్యటనలైనా, ఎన్నికల ప్రచారమైనా, మన్యం దారులైనా జీపు లేనిదే సాగేవి కావు. ఆ వారసత్వంలో వచ్చిన థార్‌ను 2020లో మహీంద్రా పూర్తిగా మార్చింది. గట్టి పైకప్పు, ఆటోమేటిక్ గేర్లు, తాకే తెర వచ్చాయి. బురద బండి నగర వాహనంగా మారిందని కొందరు నొచ్చుకున్నా, అమ్మకాలు పెరిగాయి. అయితే నిచ్చెన చట్రాన్ని మహీంద్రా వదిలిపెట్టలేదు. అభిమానుల నిరసన డిఫెండర్ స్థాయికి చేరకపోవడానికి అదీ ఒక కారణం.

చెరకు తోటకు చేరే ప్రశ్న

కోటి రూపాయల కారు గురించిన ఈ వాదం సామాన్యుడికి ఎందుకు? బార్డోలీ చెరకు రైతు దగ్గర డిఫెండర్ లేకపోవచ్చు. కానీ ఆయన ట్రాక్టరులోకి, పంట కోసే యంత్రంలోకి కూడా అదే సెన్సర్లు, అదే సాఫ్ట్‌వేర్ ప్రవేశిస్తున్నాయి. నరికిన చెరకును ఆలస్యం చేయకుండా గానుగకు చేర్చకపోతే దాని తీపి, బరువు తగ్గిపోతాయి. ఆ సమయంలో యంత్రం ఆగితే, పట్టణం నుంచి సాంకేతిక సిబ్బంది వచ్చేదాకా వేచి ఉండడం నేరుగా నష్టమే.

అమెరికాలో ఈ సమస్య ఇప్పటికే న్యాయస్థానానికి ఎక్కింది. వ్యవసాయ యంత్రాల మరమ్మతును తన గుప్పిట్లో ఉంచుకుంటోందని ఆరోపిస్తూ 2025 జనవరిలో అక్కడి వాణిజ్య కమిషన్ జాన్ డీర్ సంస్థపై దావా వేసింది. సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే వాహన మరమ్మతు హక్కు చట్టాన్ని తెచ్చింది. మరమ్మతుకు కావాల్సిన సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్‌లకు కూడా అందించాలన్నది దాని ఆశయం.

భారత ప్రభుత్వం 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించింది. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఇందుకోసం ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే 4 రంగాలను అందులో చేర్చారు. అయితే సమాచారం ఇవ్వాలని సంస్థలను శాసించే ప్రత్యేక చట్టం ఇంకా రూపుదాల్చలేదు.

డిఫెండర్ పాత యజమానులు తమ బండి రూపాన్ని కాపాడుకోలేకపోయారు. భద్రత, కాలుష్య నిబంధనల దృష్ట్యా ఆ రూపాన్ని యథాతథంగా నిలపడం సాధ్యమూ కాదు, వాంఛనీయమూ కాదు. ప్రాణాలు కాపాడే గాలి సంచి కంటే బోల్టు గొప్పది కాదు. కానీ వారు లేవనెత్తిన రెండో ప్రశ్నకు అమ్మకాల అంకెలు జవాబు కావు. కొన్న వస్తువును విప్పి చూసే, బాగు చేయించుకునే అధికారం కొన్నవాడికి ఉండాలా, వద్దా? దాన్ని సంపన్నుల కారు చర్చగా వదిలేస్తే, రేపు అదే ప్రశ్న చెరకు తోట గట్టు మీద ఆగిపోయిన ట్రాక్టరు ముందు నిలిచిన రైతుకు ఎదురవుతుంది. అప్పటికి చట్టం సిద్ధంగా ఉంటుందా అన్నదే విధానకర్తలు ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.