ఏ గాలి వేడి?

మూడేళ్ళ క్రిందట ఒక వేసవి సాయంకాలం మా అన్నయ్య కొడుకు చిన్న అట్టపెట్టె ఒకటి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. అందులో చేతిగడియారం కంటె కాస్త పెద్దదైన గేజి, తీగలతో ఒక సెన్సరు, మడతలు పెట్టిన ఇంగ్లీషు కాగితం ఉన్నాయి. "అత్తయ్యా, ఇన్నేళ్ళుగా అనువాదాలు చేస్తున్నావు గదా, దీన్ని ఎక్కడ బిగించాలో కాస్త చదివి చెప్పు" అన్నాడు. 'ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్' అన్న మాటను "లోపలికి పీల్చుకునే గాలి వేడి" అని, క్షణమైనా ఆలోచించకుండా చెప్పేశాను. వాడు ఆ మాట ప్రకారమే, కారు బయటి గాలిని పీల్చుకునే చోట, అంటే ఎయిర్ ఫిల్టరు పెట్టెలో, సెన్సరు బిగించాడు.

నేను చేసిన తప్పేమిటో అరకు ఘాటు రోడ్డు మీద తెలిసింది.

వాడిది టర్బో ఉన్న పెట్రోలు కారు. ఉన్న బలం చాలదన్నట్టు, బూస్టు పెంచడానికి ఇంజను కంప్యూటరులో మార్పు కూడా చేయించాడు. మే నెల మధ్యాహ్నం శృంగవరపుకోట దాటి నలుగురం కొండ ఎక్కుతున్నాము. మైదానంలో 41 డిగ్రీలు చూపిన గేజి, ఎక్కేకొద్దీ 38కి, ఆపైన 36కి దిగింది. "చూశావా అత్తయ్యా, చల్లబడుతోంది" అని వాడు సంతోషించాడు. అంతలో ఇంజనులో నుండి, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు చప్పుడు మొదలైంది. బండి లాగడం మానేసింది. గేజి మాత్రం నింపాదిగా 36 దగ్గరే ఉంది. రోడ్డు ప్రక్కన గంటసేపు ఆగవలసి వచ్చింది. అదృష్టం బాగుండి పిస్టన్లకు ఏమీ కాలేదు.

గేజి అబద్ధం చెప్పలేదు. కొండగాలి వేడి ఎంతో నిజాయితీగానే చెప్పింది. మేము తెలుసుకోవలసింది ఆ గాలి సంగతి కాదు. ఫిల్టరు దగ్గర కారులోకి వచ్చే గాలి వేరు. టర్బోలో నలిగి, చివరికి ఇంజనులోకి ప్రవేశించే గాలి వేరు. ఇంగ్లీషు మాట ఒక్కటే గనుక నేను రెంటినీ ఒకటి చేశాను.

టర్బో కొత్త ఊహ కాదు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. వృథాగా పోయే పొగ ఒక చక్రాన్ని త్రిప్పుతుంది. అదే ఇరుసు మీది రెండవ చక్రం గాలిని నొక్కి ఇంజనుకు పంపుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగు వేడెక్కడం అందరూ ఎరిగినదే. ఇక్కడా అంతే. 40 డిగ్రీల గాలిని వాతావరణ పీడనానికి 1.7 రెట్లు నొక్కారనుకోండి. నొక్కే చక్రం సామర్థ్యం 70 శాతం అయితే, ఆ గాలి 110 డిగ్రీలు దాటి బయటికి వస్తుంది. దానిని ఇంటర్‌కూలరు చల్లబరుస్తుంది. అయితే ఇంటర్‌కూలరుకు ఎదురుగాలి కావాలి. బరువుతో, రెండవ గేరులో ఘాటు ఎక్కే బండికి ఎదురుగాలి తక్కువ, టర్బో పని ఎక్కువ.

ఆ గాలి వేడిగా ఉంటే రెండు నష్టాలు. వేడిగాలి పలుచన. అదే పీడనంలో 60 డిగ్రీల గాలి 90కి చేరితే, సిలిండరులోకి వెళ్ళే గాలి బరువు సుమారు 8 శాతం తగ్గుతుంది. రెండవది అసలు ప్రమాదం. మంట చేరకముందే మిగిలిన పెట్రోలు మిశ్రమం తనంతట తానే పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీనినే. నేటి ఇంజన్లు దీనిని పసిగట్టి, స్పార్కును ఆలస్యం చేసి తమను తాము కాపాడుకుంటాయి. కానీ బూస్టు పెంచిన ఇంజనులో ఆ వెసులుబాటు తక్కువ.

టర్బోతో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో 1962 నాటి అమెరికా కారు ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ ఒకటి. దానికి ఇంటర్‌కూలరు లేదు. నాకింగ్ రాకుండా నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని వేరొక ట్యాంకు నుండి చిమ్మేవారు. చాలామంది ఆ ట్యాంకు నింపడం మరచిపోయేవారు. 1963తోనే ఆ కారు ఆగిపోయింది. అంటే టర్బో కారు పుట్టిననాడే గాలి వేడి సమస్యా పుట్టిందన్నమాట.

ఇక గేజి ఎన్నిక. డయలు అందం చూసి కొనేవారే ఎక్కువ. చూడవలసింది తీగకు ఆ చివర ఉన్న సెన్సరును.

మొదటిది, చోటు. సెన్సరు ఇంటర్‌కూలరు దాటిన తరువాత, థ్రాటిల్‌కు ముందు ఉండాలి. ఇంటర్‌కూలరుకు ముందొకటి, వెనుకొకటి పెట్టగలిగితే అది ఎంత వేడి తీస్తున్నదో కూడా తెలుస్తుంది.

రెండవది, చురుకు. నీటి వేడి కొలవడానికి చేసిన, ఇత్తడి తొడుగులో మూసిన సెన్సరు గాలిలో మందకొడి. అది 60 అనేసరికి గాలి 80 దాటి మళ్ళీ దిగిపోయి ఉండవచ్చు. కొన తెరచి ఉన్న, గాలి నేరుగా తగిలే చిన్న థర్మిస్టరు మేలు. పొగ వేడి కొలిచే థర్మోకపుల్ గేజీల స్కేలు వెయ్యి డిగ్రీల దాకా ఉంటుంది. వాటి మీద 60కి, 75కి తేడా కంటికి ఆనదు. 0 నుండి 150 వరకు ఉన్న స్కేలు చాలు.

మూడవది, బిగింపు. వేడెక్కిన అల్యూమినియం మానిఫోల్డులో బిగించిన సెన్సరు గాలితోపాటు ఆ లోహం వేడినీ చెబుతుంది. ప్లాస్టిక్ లేక రబ్బరు గొట్టం మంచిది. కాని ఒక్క తీగ సెన్సరు ఎర్తు కోసం ఇంజను లోహం మీద ఆధారపడుతుంది గనుక ప్లాస్టిక్‌లో పనిచేయదు. రెండు తీగలది అడిగి తీసుకోవాలి.

నాలుగవది, హెచ్చరిక. ఘాటు మలుపులో కళ్ళు రోడ్డు మీద ఉండాలి గాని డయలు మీద కాదు. మీరు పెట్టుకున్న హద్దు దాటగానే దీపం వెలిగేది, లేదా కూత పెట్టేది కొనండి.

ఇంజనుకు ఏ మార్పూ చేయించని వారికి వేరే గేజి అవసరమే లేదు. కుతూహలం ఉంటే స్టీరింగు క్రింది ఓబీడీ సాకెట్టులో పెట్టే చిన్న పరికరం చాలు. అయితే అక్కడా అదే చిక్కు. కొన్ని కార్లలో కంపెనీ సెన్సరు టర్బోకు ముందు, ఫిల్టరు దగ్గరే ఉంటుంది. తెలుసుకోవడం సులభం. ఎత్తు రోడ్డు మీద కొంతసేపు గట్టిగా తోలినా అంకె బయటి వేడిని అంటిపెట్టుకునే ఉంటే, అది మీకు కావలసిన గాలి కాకపోవచ్చు. మెకానిక్కును అడిగి సెన్సరు ఉన్నచోటు నిర్ధారించుకోండి.

గేజిని నమ్మేముందు ఒక చిన్న పరీక్ష. రాత్రంతా నీడలో ఆగి ఉన్న బండిలో, తెల్లవారి ఇంజను తిప్పకముందు, ఆ అంకె బయటి ఉష్ణోగ్రతతో ఒకటి రెండు డిగ్రీల తేడాలో సరిపోవాలి. ఎండలో ఆపి తీసినప్పుడు 60, 70 కనబడితే మాత్రం కంగారు వద్దు. అది చాలావరకు లోహం వేడి. బండి కదిలాక దిగుతుంది.

మావాడు సెన్సరు చోటు మార్చాడు. మరుసటి వేసవి అదే ఘాటు ఎక్కాము. బయట 36 డిగ్రీలే; గేజి 74 చూపి కూత పెట్టింది. వాడు మారుమాట లేకుండా కాలు సడలించి, బండిని చెట్టునీడకు తీశాడు. కాఫీ తాగి, అంకె దిగాక బయలుదేరాము. చప్పుడు లేదు.

ఇప్పుడు వాడు ఏ కాగితం తెచ్చినా నేను వెంటనే తెలుగు చెప్పడం లేదు. ముందు బానెట్ ఎత్తి చూపమంటున్నాను.