చక్రం పెరిగితే తరిగేదేమిటి?

మా మేనల్లుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉంటాడు. టయోటావారి జి.ఆర్.86 అనే స్పోర్ట్స్ కారు వాడికి ప్రాణం. మొన్న మార్చిలో ఒక రాత్రి, మంచు కరిగాక రోడ్డు మీద పడిన గుంతలో చక్రం దిగి రిమ్ము వంగింది, గాలంతా పోయింది. పక్క సీట్లో మా అక్కయ్య ఉంది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. "మావయ్యా, ఎలాగూ నాలుగు చక్రాలూ మారుస్తున్నాను. 18 అంగుళాలవి తీసేసి 19వి వేస్తే బండికి అందం వస్తుంది. ఏమంటారు?"

నాకు కార్ల సంగతి అంతంతమాత్రం. కూడికలు మాత్రం తెలుసు. "టైరు మీద ఏం రాసుందో చదవరా" అన్నాను. 215/40 ఆర్18 అన్నాడు.

215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే ఆ వెడల్పులో నూటికి 40 పాళ్లు పక్కగోడ ఎత్తు, అంటే 86 మిల్లీమీటర్లు. 18 రిమ్ము అంగుళాలు. అంగుళానికి 25.4 చొప్పున 457 మిల్లీమీటర్లు. పైనా కిందా పక్కగోడలు కలిపితే మొత్తం ఎత్తు 629.

ఇదే కారుకు టయోటావారే జపానులో 16, 17 అంగుళాల చక్రాలు కూడా ఇచ్చారు. 205/55 ఆర్16 ఎత్తు 632, 215/45 ఆర్17 ఎత్తు 625. రిమ్ము మారినా మొత్తం దాదాపు అంతే! ఇది మా బ్యాంకు పద్దులాంటిదే. మొత్తం మారకూడదు కనుక రిమ్ముకు ఎక్కువ రాస్తే పక్కగోడకు కోత పడుతుంది. 16కు 113, 17కు 97, 18కి 86. 19కి 215/35 టైరు వేస్తే మిగిలేది 75. గుంత దెబ్బను కాచుకునేది ఆ గోడే. సంసారంలో ఆపద్ధనం లాంటిది.

"పోనీ, గోడ తగ్గించకుండా 215/45 టైరే 19కి వేస్తే?" అన్నాడు. ఎత్తు 676 అవుతుంది, అంటే 17 అంగుళాల చక్రం కన్నా నూటికి 8 పాళ్లు ఎక్కువ. ఆ చక్రానికి సరిపెట్టిన మీటరు 100 చూపిస్తుంటే బండి 108లో పోతుంటుంది. తేడా నూటికి 3 పాళ్లు దాటకూడదని ఈ పని తెలిసినవారు చెబుతారు.

పెద్ద రిమ్ములో లాభం లేదని కాదు. గోడ పొట్టిగా ఉంటే స్టీరింగు తిప్పగానే బండి మాట వింటుంది. నున్నటి రేసు బాటకు అది మేలు. కానీ వాడు రోజూ తిరిగేది రేసు బాటలో కాదు కదా.

కొనేముందు మరి మూడు చూసుకోమన్నాను. ఈ కారుకు ఐదు బోల్టుల వలయం 100 మిల్లీమీటర్లు, రిమ్ముదీ అంతే ఉండాలి. రిమ్ము లోపల బ్రేకుకు తగలకూడదు. టైరు మోయగల బరువు కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు.

చివరికి 17 వేయించాడు. "ఇప్పుడు కూర్చుంటే నడుము పట్టడం లేదురా తమ్ముడూ" అంది అక్కయ్య ఫోనులో. అందం సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.